పేరు వెనకాల నడుస్తోంది

మానవజాతి సాధించిన ఘనకార్యాల్లో నిప్పు మొదటిది, చక్రం రెండోది, పనిని కళ్ల ముందు నుంచి తప్పించి అది జరుగుతోందని నమ్మడం మూడోది. మొదటి రెండూ ఎక్కడ పుట్టాయో పండితులకే తెలియదు. మూడోది మాత్రం నాంపల్లి స్టేషన్‌కూ అబిడ్స్‌కూ మధ్య, శిశునామ నమోదు కేంద్రం రెండో అంతస్తులో, ఒక సోమవారం పొద్దున, వేడి చాయ్ తాగాలన్న కోరికలోంచి పుట్టింది.

కోరిక భూపాల్‌ది. అతను ఆ కేంద్రంలో కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్. పుట్టినప్పుడు రికార్డుల్లో 'ఆడ శిశువు', 'మగ శిశువు' అని మాత్రమే ఎక్కిన పిల్లలకు తరువాత తీరుబడిగా పేరు ఎక్కించడం ఆ కేంద్రం పని. భూపాల్ నల్లటి తెర మీద ఒక కమాండ్ కొడతాడు. ఆ కమాండ్ ఎక్కడో ఉన్న పెద్ద మిషిన్‌తో మాట్లాడుతుంది. (ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు, కరెంటు బిల్లు మాత్రం నాంపల్లికే వస్తుంది.) వాళ్ల సంభాషణ ముగిసేదాకా తెర మీద కర్సర్ కన్నార్పుతూ ఉంటుంది, ఇంకే పనీ చేయనివ్వదు. పని నడుస్తుండగా ఆపరేటర్ సీటు వదిలి లేవరాదని నిబంధన. పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి, భూపాల్‌కు దొరికే చాయ్ ఎప్పుడూ చల్లారినదే.

కమాండ్ చివర & అని ఒక గుర్తు పెడితే పని వెనక్కి పోతుందని కోచింగ్ రోజుల్లో ఎవరో చెప్పగా విన్నాడు. అబిడ్స్ దుకాణాల బోర్డుల మీద తండ్రి పేరుకూ కొడుకులకూ మధ్య కనిపించే గుర్తే అది. అక్కడా దాని ప్రయోజనం ఇంచుమించు ఇదే: కొడుకులు లోపల చాకిరీ చేస్తుంటారు, తండ్రి బయట కుర్చీలో గాలికి కూర్చుంటాడు. ఆ సోమవారం భూపాల్ ధైర్యం చేసి ఆ గుర్తు పెట్టాడు. మిషిన్ క్షణంలో ఒక ముక్క రాసి, తరువాతి హుకుం కోసం చేతులు కట్టుకుని నిలబడింది.

[1] 21764

మొదటి పనిని వెనక్కి పంపాను, దాన్ని నేను ఈ అంకెతో గుర్తుపడతాను, నువ్వు వెళ్లి చాయ్ తాగు అని దాని భావం. భూపాల్ వెళ్లి తాగాడు. నాలుక కాలింది. అతని ఉద్యోగ జీవితంలో అంత ఆనందం ఎన్నడూ కలగలేదు.

తిరిగి వచ్చేసరికి సూపరింటెండెంట్ జార్జి సార్ తెర ముందు నిలబడి ఉన్నాడు.

"ఏందయ్యా ఈ నంబరు?"

"ఏం లేదు సార్. పని వెనకాల నడుస్తుంది. మిషిన్ గుర్తుకోసం పెట్టుకున్న నంబరు గది."

"ఎవరి పని?"

"కౌంటర్ కాడ నిలబడ్డ ముసలమ్మది. పోశవ్వది."

"మరి ఆమెకు చెప్పినవా?"

"ఆమెకెందుకు సార్? మిషిన్‌కు తెలిస్తే సాలు."

జార్జి సార్ నొచ్చుకున్నాడు. ప్రభుత్వ కార్యాలయంలో అంకె అంటూ పుడితే అది ప్రజలకే చెందుతుందని సికింద్రాబాద్‌లో ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన నమ్మకం. ఆ అంకెను ఒక చీటీ మీద రాసి, స్వయంగా కౌంటర్ దాకా వెళ్లి పోశవ్వ చేతిలో పెట్టాడు.

పోశవ్వ గౌలిగూడ నుంచి వస్తుంది. కొడుకు ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. మనుమడికి చనిపోయిన పెనిమిటి పేరు, కొమురయ్య అని, ఎక్కించుకోవాలని ఆమె పట్టుదల. ఇన్నాళ్లూ ఆ కౌంటర్ ఆమెకు 'రేపు రా' తప్ప మరేమీ ఇవ్వలేదు. ఇప్పుడు చేతిలో ఒక నంబరు ఉంది. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, "నాది వెనకాల నడుస్తుందట" అని వరుసలో అందరికీ చెప్పింది. మధ్యాహ్నానికల్లా వరుస మొత్తం తమ పనులను కూడా వెనకాలే నడిపించాలని డిమాండ్ చేసింది.

సంయుక్త సంచాలకురాలు విద్యావతి మేడం చెవిన ఈ సంగతి పడింది. ఆమె గొప్ప ఆలోచనాపరురాలు, ఆలోచన వచ్చిన రోజే సర్క్యులర్ తీయించే మనిషి. వారం తిరక్కుండా 'నేపథ్య ప్రగతి విధానం' అమల్లోకి వచ్చింది. ఇకపై పనులన్నీ వెనకాలే నడవవలెను. ప్రతి దరఖాస్తుదారుకూ నిమిషంలో నంబరు ఇవ్వవలెను. ఏ పనినైనా ముందుకు తెచ్చిన ఉద్యోగి, ఆ పనిలో ఆపై జరిగే ప్రతిదానికీ వ్యక్తిగతంగా బాధ్యత వహించవలెను. (ఈ చివరి వాక్యం కింద గీత కొట్టించారు. సర్క్యులర్ మొత్తంలో సిబ్బంది చదివింది అదొక్కటే.)

నిరీక్షణ హాల్లో గోడకు పెద్ద టీవీ బిగించారు. భూపాల్ 'జాబ్స్' అనే కమాండ్ కొడితే వెనకాల ఉన్న పనులన్నీ వరుసగా కనబడతాయి, ప్రతి దాని పక్కనా 'రన్నింగ్' అని ఉంటుంది. వందల పనులు ఒకేసారి నడవడం వల్ల ఏదీ గమ్యం చేరడం లేదు. జనం టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని చూడసాగారు. తమ రన్నింగ్ పక్కవాళ్ల రన్నింగ్ కంటే జోరుగా ఉందని కొందరు గర్వపడ్డారు. కింద జిరాక్స్ దుకాణం బీరయ్య నంబర్ల చీటీలకు లామినేషన్ మొదలుపెట్టాడు. లామినేషన్ చేసిన నంబరు ఆగకుండా నడుస్తుందని చెప్పాడు. మిషిన్ ఆ మాటను ఖండించలేదు.

పోశవ్వ ఒక్కతే కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది. "నడుస్తుందంటున్నవ్ గద కొడుకా. నేను ముసల్దాన్ని, గౌలిగూడ నుంచి నడ్సుకుంట వచ్చినా గంటల వస్త. గదింక రాదేంది?"

"వస్తది అవ్వా. ఫికర్ చేయకు."

అలా అనడంలో భూపాల్‌కు స్వార్థం కూడా ఉంది. ఆ వెనకాల నడుస్తున్న వాటిలో ఒకటి అతని సొంత కూతురి పేరు.

ఆ పిల్ల కూడా ఇంతవరకు ప్రభుత్వం దృష్టిలో 'ఆడ శిశువు'. తల్లి తరఫు ఒక పేరు, తండ్రి తరఫు ఒక పేరు, పంతులు చెప్పిన అక్షరం ఇంకొకటి. మూడేళ్లు వాదించుకుని చివరికి శ్రీనిధి దగ్గర అందరూ రాజీపడ్డారు. ఆ పేరు అందరికంటే పిల్లకు నచ్చింది. ఎవరూ అడక్కపోయినా చెప్పేది. మెట్రోలో పక్క సీటాయనకు చెప్పింది, కొత్తిమీర అమ్మే ఆమెకు చెప్పింది, తలుపు మూసుకునే ముందు లిఫ్టుకు కూడా "నా పేరు శ్రీనిధి" అని చెప్పింది. ఆమె అలా చెప్పినప్పుడల్లా భూపాల్‌కు ఒళ్లంతా పులకించేది.

అబిడ్స్‌లో ఒక కాన్వెంట్‌లో సీటు దొరికింది. అది దొరకడం ఎంత కష్టమో ఆ చుట్టుపక్కల తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు. శనివారం లోపు పేరుతో ఉన్న జనన పత్రం ఇవ్వాలి, లేకపోతే సీటు వెనక నిలబడ్డ మరో పిల్లకు పోతుంది. భూపాల్ కూతురి దరఖాస్తును కూడా అందరిలాగే వెనకాలే నడిపించాడు. నంబరు 40417.

"నువ్వు గాడనే పనిచేస్తవ్ గద," అంది భార్య రాణి. "ఎంతవరకు వచ్చిందో జర చూసి చెప్పరాదా?"

"నడుస్తుంది."

"ఎంత దూరం నడిచింది?"

"గట్ల తెల్వదు. నడుస్తుందంటే నడుస్తుంది."

"అంటే కౌంటర్ కాడ జనానికి చెప్పేదే ఇంట్ల కూడ చెప్తున్నవా?"

ఆ మాట అతన్ని రెండు రోజులు పొడుస్తూనే ఉంది.

బుధవారం నాడు, మిషిన్ కూడా తన వంతు ప్రగతి సాధించింది. పెద్ద మిషిన్ ఉన్నచోటి వాళ్లు కమాండ్‌ను మెరుగుపరిచారు. ఇకపై పేరు ఎక్కించే ముందు అది ఆపరేటర్‌ను ఒక మాట అడుగుతుంది: 'ఈ పేరు ఖాయమా?' అవునంటే ఇంగ్లీషు అక్షరం వై నొక్కాలి, కాదంటే ఎన్. వినడానికి మర్యాదగానే ఉంది. కానీ వెనకాల ఉన్న పనికి కీబోర్డు అందదు. అది ప్రశ్నను తెర మీదికి విసిరి, జవాబు రాక, ఉన్నచోటనే కూలబడుతుంది. వందల పనులు ఒకేసారి ఆ ప్రశ్న వేశాయి. భూపాల్ ఏదో టైపు చేస్తుంటే ఆ అక్షరాల మధ్యలోంచి ఖాయమా, ఖాయమా, ఖాయమా అని పొడుచుకు వచ్చాయి. ఏది ఎవరి ప్రశ్నో, ఏది తన టైపింగో అతనికే తెలియలేదు. నిరీక్షణ హాల్లో టీవీ మీద రన్నింగ్‌లన్నీ పోయి, ప్రతి వరుసలోనూ 'స్టాప్డ్, టీటీవై ఇన్‌పుట్' అని ప్రత్యక్షమైంది.

ఆగిపోయింది, కీబోర్డు దగ్గర మనిషి కోసం చూస్తోంది అని దానర్థం. విద్యావతి మేడం ఆ అర్థాన్ని అంగీకరించలేదు. 'స్టాప్డ్' అనే మాట ప్రజల్లో అపోహలు కలిగిస్తుందని దాన్ని 'విశ్రాంతి' అని అనువదించి టీవీ పక్కన బోర్డు పెట్టించారు. టీటీవై అనేది తమకు తెలియకుండా ఏర్పడిన శాఖ అయి ఉంటుందని భావించి, సమన్వయం కోసం నాగవల్లి అనే సీనియర్ అసిస్టెంట్‌ను టీటీవై విభాగానికి ఇన్‌చార్జిగా వేశారు. నాగవల్లి ఆ సాయంత్రమే బాధ్యతలు స్వీకరించి, విషయం తమ విభాగం పరిశీలనలో ఉందని రాతపూర్వకంగా తెలియజేసింది.

గురువారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకు లేచిన సమయంలో, భూపాల్ తలుపు దగ్గరికి వేసి ఎఫ్.జి. అనే కమాండ్ కొట్టాడు. వెనక ఉన్న పనిని ముందుకు తెచ్చే కమాండ్ అది. 40417 ముందుకు వచ్చింది. తెర మీద కూతురి పేరు పడింది, దాని కింద కర్సర్ కన్నార్పుతూ నిలబడింది. ప్రశ్న అతనికి తెలుసు. నొక్కాల్సింది ఒక్క అక్షరం.

వేలు వై మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. ముందుకు తెచ్చినవాడే బాధ్యుడన్న వాక్యం, దాని కింది గీతతో సహా, కళ్ల ముందు కదిలింది. కాంట్రాక్టు రెన్యువల్ వచ్చే నెల. సొంత బిడ్డ పనిని ముందుకు తెచ్చి సొంత వేలితో ఔనన్నాడని ఎవరైనా అంటే? అంత భయం ఒక అక్షరానికి ఎవరూ పడి ఉండరు. ఆఖరికి కంట్రోల్, జెడ్ కలిపి నొక్కాడు. అది పనిని ఉన్నపళంగా ఆపేసే మీట. శ్రీనిధి మళ్లీ విశ్రాంతిలోకి వెళ్లిపోయింది.

అదే సాయంత్రం మేడం గదిలో సమావేశం జరిగింది. అంశం: వై ఎవరు నొక్కవలెను.

"సూపరింటెండెంట్ గారు నొక్కితే హుందాగా ఉంటుంది," అన్నారు మేడం.

"నాకు టైపింగ్ అధికారం లేదు మేడం," అన్నాడు జార్జి సార్. "రూల్ ప్రకారం ఆపరేటరే నొక్కాలె."

"నాది కాంట్రాక్టు మేడం," అన్నాడు భూపాల్. "ఔ అనేటంత పెద్ద పోస్టు కాదు నాది."

మేడం నొక్కే ప్రసక్తి ఎవరూ తేలేదు. అప్పుడు భూపాల్‌కు శనివారం గుర్తొచ్చింది, రాణి ముఖం గుర్తొచ్చింది, నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"మిషిన్ లోపల 'యెస్' అని ఒక కమాండ్ ఉంది మేడం. దాని పని ఒక్కటే. వై అని రాస్తది. మళ్ల వై అని రాస్తది. ఆపేదాంక రాస్తనే ఉంటది. దాన్ని ప్రతి పని ముందట కూసోబెడితే, ఏమడిగినా గదే ఔ అంటది. మనం నొక్కే పని లేదు."

గదిలో వెలుగు వచ్చినట్టయింది. అలసట లేదు, సెలవు లేదు, సంతకం లేదు, రేపు రమ్మనదు. (ఇలాంటి అధికారి కోసం ఈ నగరం నాలుగు వందల ఏళ్లుగా ఎదురుచూస్తోంది.) అక్కడికక్కడే యెస్‌ను 'ప్రత్యేక అంగీకార అధికారి, తాత్కాలికం' హోదాలో నియమించారు. దానికి ఒక కుర్చీ కేటాయించి, కుర్చీ మీద టవల్ వేయించారు.

"ఇంకొకటి," అన్నారు మేడం. "ఆ ప్రశ్నలు తెర మీద పడి చికాకు పెడుతున్నాయి. జవాబు ముందే సిద్ధంగా ఉన్నప్పుడు ప్రశ్న వినడం దేనికి? వాటిని ఎక్కడికైనా పంపించెయ్."

"డెవ్ నల్ అని ఒకటి ఉంది మేడం. అందుల ఏసింది ఏదైనా మాయమైపోతది. ఎంత ఏసినా నిండది, ఎవరికీ మళ్ల దొరకది."

"అంటే కింద మన రికార్డు గదిలాంటిదే. అలాగే కానివ్వు."

శుక్రవారం పొద్దున, కూలబడి ఉన్న పాత పనులన్నిటినీ భూపాల్ ముందుగా రద్దు చేశాడు. టీవీ మీద ఒక్క ఊపున అన్ని వరుసల్లోనూ 'టెర్మినేటెడ్' అని పడింది. హాల్లో పెద్ద కలకలం రేగింది.

"ఏమని రాసిన్రు బిడ్డా?" అని పోశవ్వ పక్కనున్న కుర్రవాణ్ని అడిగింది.

"అందర్ని సంపేసిన్రు అవ్వా."

పోశవ్వ నేల మీద చతికిలబడింది. జార్జి సార్ పరుగున వచ్చి, పోయినవి పాత నంబర్లేనని, పిల్లలు క్షేమమని, అందరికీ కొత్త నంబర్లు ఇస్తామని ప్రకటించాడు. బీరయ్య దుకాణం ముందు మళ్లీ వరుస కట్టారు.

సరిగ్గా భోజనం వేళకు అద్భుతం జరిగింది. టీవీ మీద మొదటి వరుసలో 'డన్' అని పడింది. తరువాతి దానిలో డన్. ఆ కిందా డన్. పై నుంచి కిందిదాకా డన్, డన్, డన్. జనం కుర్చీల మీద ఎక్కి చప్పట్లు కొట్టారు. ఒకాయన పరాయివాళ్ల పిల్లను భుజం మీద ఎక్కించుకుని గంతులేశాడు. మేడం కేకు కోసి మొదటి ముక్కను టవల్ వేసిన కుర్చీ ముందు పెట్టారు. పోశవ్వ కొంగులోంచి బెల్లం ముక్క తీసి కిటికీలోంచి భూపాల్ నోట్లో పెట్టింది. భూపాల్ ఏడ్చేశాడు. బెల్లం తింటూ ఏడవడం కష్టమైన పని, అయినా చేశాడు.

పౌరుల గోప్యత దృష్ట్యా పత్రాలు అచ్చయి సీలు వేసిన కవర్లలోనే బయటికి వచ్చాయి. శనివారం పొద్దున్నే భూపాల్, రాణి, కొత్త బూట్లతో శ్రీనిధి అబిడ్స్ కాన్వెంట్‌లో హాజరయ్యారు. అడ్మిషన్ల క్లర్కు కవరు చించింది.

"పాప పేరు?"

"నా పేరు శ్రీనిధి," అంది పాప, తల్లిదండ్రులకు అవకాశం ఇవ్వకుండా.

క్లర్కు పత్రాన్ని దగ్గరికి పెట్టి చూసింది, దూరంగా పెట్టి చూసింది. "గీడ వై అని ఉంది."

"వై తరువాత?" అన్నాడు భూపాల్.

"తరువాత ఏం లేదు. వై."

రాణి పత్రం లాక్కుని చూసింది. తరువాత భర్తను చూసింది. ఆ చూపుకు ఏ కమాండూ సరిపోదు.

"సీటు పోతదా మేడం?" అని మాత్రం అడిగింది.

"ఎందుకు పోతది? పేరుండాలన్నరు, పేరుంది," అంది క్లర్కు. "పొద్దటిసంది అన్నీ గివే వస్తున్నయ్. చిన్న పేరు, మాక్కూడ రాయనీకి సులువు."

సోమవారం భూపాల్ ఒక్క దరఖాస్తును, తెర ముందే, ప్రశ్నలను డెవ్ నల్‌కు పంపకుండా నడిపి చూశాడు. మిషిన్ అడిగే ప్రశ్నలు ఒకటి కాదు, మూడు. ఈ పేరు ఖాయమా? తప్పులు దొర్లకుండా పేరును మరోసారి టైపు చేయండి. రెండింటికీ తేడా ఉంది, కొత్తదే ఉంచమంటారా? మొదటిదానికి వై. పేరు టైపు చేయమంటే వై. కొత్తదే ఉంచమంటారా అంటే వై. ప్రత్యేక అంగీకార అధికారి తన విధిని మచ్చ లేకుండా నిర్వర్తించాడు. మిషిన్ ప్రతిసారీ మర్యాదగా హెచ్చరించింది. ఆ హెచ్చరికలన్నీ డెవ్ నల్‌లో క్షేమంగా ఉన్నాయి.

భూపాల్ వెళ్లి మేడంకు చెప్పాడు.

"డన్ వచ్చిందా లేదా?" అని అడిగారామె.

"వచ్చింది మేడం. డన్ అంటే పని అయిపోయిందనే. మంచిగ అయిందని కాదు."

"ప్రభుత్వంలో ఆ రెండింటికీ తేడా ఎప్పటి నుంచి?" అన్నారు మేడం, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

కిటికీ దగ్గర పోశవ్వ నిలబడి ఉంది. ఆమె కోపంగా లేదు, కొంచెం అయోమయంగా ఉంది అంతే. "మా కొమురయ్యకు ఒక్క అక్షరమే వచ్చిందట కొడుకా. మిగిలినయి వెనకాల వస్తున్నయా?"

జార్జి సార్ జవాబిచ్చాడు. "ఔ అమ్మా. వస్తున్నయ్." పేరు సవరణకు కొత్త దరఖాస్తు తీసుకుని, ఆమెకు మరో నంబరు ఇచ్చాడు. భూపాల్ కూడా వరుసలో నిలబడి ఒకటి తీసుకున్నాడు. ఏ పేరుకు మార్చాలో మిషిన్ మళ్లీ అడుగుతుంది. ఆ ప్రశ్నకు వై సరిపోదు, పేరు టైపు చేసే మనిషిని గురించి సమావేశం వాయిదా పడింది కాబట్టి, అన్నీ విశ్రాంతిలో ఉన్నాయి.

కాన్వెంట్‌లో మాత్రం అంతా సంతోషమే. ఆ ఏడు చేరిన పిల్లల్లో చాలామంది ఆ కేంద్రం ద్వారా వచ్చినవాళ్లే. టీచరు ఒక్కసారి వై అని పిలుస్తుంది, సగం తరగతి లేచి ప్రెజెంట్ అంటుంది, హాజరు అయిపోతుంది. ఈ పద్ధతిని మిగతా తరగతులకూ విస్తరించే ఆలోచన ఉందట. శిశునామ నమోదు కేంద్రానికి ఆ సంవత్సరం ఉత్తమ సేవల షీల్డు వచ్చింది, దాన్ని టవల్ కుర్చీలో పెట్టారు. భూపాల్ కాంట్రాక్టు కూడా రెన్యువల్ అయింది.

రెన్యువల్ కాగితం అందిన సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి పాప గచ్చు మీద కూర్చుని బొమ్మకు రంగులు వేస్తోంది. "శ్రీనిధీ," అని పిలిచాడు. పాప తల ఎత్తలేదు. మళ్లీ పిలిచాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రాణి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"వై," అన్నాడు మెల్లగా.

"ప్రెజెంట్," అంది పాప.